మా అత్తగారి గులాబీ ఎండిపోతోంది, ఆదివారం ఫోన్లో ఏం చూపించను?

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది, దానితోపాటు ఆరు ఫొటోలు. సంగతి క్లుప్తంగా ఇదీ.

వాళ్ల అత్తగారికి పన్నెండేళ్లుగా ఒక గులాబీ మొక్క ఉంది. రెండేళ్ల కిందట రాజమండ్రిలో ఇల్లు ఖాళీ చేసి కొడుకు దగ్గరికి వచ్చేసినప్పుడు సామానంతా లారీకెక్కించి, ఈ కుండీని మాత్రం కారులో కాళ్ల మధ్య పెట్టుకుని తెచ్చుకున్నారట. లేత గులాబీ రంగు పూలు, పూసిన రోజు వాసన హాల్లోకి వస్తుంది. శుక్రవారం ఒక పువ్వు దేవుడికి, ఒకటి ఆవిడ ముడిలోకి. జులై మధ్యలో కూతురి పురుడుకి డాలస్ వెళ్తూ, "రోజూ నీళ్లు పొయ్యమ్మా, మర్చిపోకు" అని కోడలికి అప్పజెప్పారు. సంక్రాంతికల్లా తిరిగొస్తారు.

ఆగస్టులో ఆకుల మీద నల్లమచ్చలు వచ్చాయి. ఆకులు పండిపోయి కింద నుంచి రాలడం మొదలైంది. వినాయక చవితి నాటికి మొక్క సగం బోడి. బలం చాలడం లేదనుకుని పాఠకురాలు టీపొడి పిప్పి వేశారు, కోడిగుడ్డు పెంకులు వేశారు, ఉల్లిపొట్టు నానబెట్టిన నీళ్లు పోశారు. ఆఫీసులో ఎవరో చెప్పారని భర్త గుప్పెడు డీఏపీ ఎరువు వేశారు. వాన తగలకుండా కుండీని వంటింటి వెనక బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కకు మార్చారు. దసరా తర్వాత ఇంకో జబ్బు. కొమ్మలు చివర నుంచి నల్లబడి కిందికి ఎండుతూ వస్తున్నాయి. ఐదు కొమ్మల్లో రెండు పోయాయి, రెండు సగం సగం, ఒకటి మాత్రం పచ్చగా ఉంది. ఇంతలో మొదట్లోంచి ఒక కొత్త పిలక లేచింది. పది రోజుల్లో అడుగు ఎత్తయింది. దాని రెమ్మలకు ఏడేసి ఆకులు. ఏడాకులుంటే అడవి గులాబీ, వెంటనే పీకేయమని ఒక వీడియో. జబ్బు మొక్కకు కత్తెర తగలనివ్వొద్దని ఇంకో వీడియో.

ఇక ఫోను సంగతి. ప్రతి ఆదివారం అత్తగారు వీడియో కాల్ చేసి గులాబీని చూపించమంటారు. కొన్ని వారాలు నెట్‌వర్క్ బాగాలేదని దాటవేశారు. పోయిన ఆదివారం తప్పించుకోలేక పక్క ఫ్లాట్ వాళ్ల గులాబీని దగ్గరగా పెట్టి చూపించేశారు. అత్తగారు కాసేపు చూసి, "కుండీ మార్చావా?" అని మాత్రం అడిగారట. పెళ్లైన కొత్తలో తులసి మొక్క వాడిపోతే "నీకు హస్తవాసి లేదమ్మా" అన్నారట ఆవిడ. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోందని, మళ్లీ వినలేనని పాఠకురాలి బాధ. మొక్క బతుకుతుందా? పిలకను ఉంచాలా, తీసేయాలా? బతక్కపోతే అలాంటిదే ఒకటి కొని అదే కుండీలో పెట్టేస్తే ఏమవుతుంది? నిజం చెప్పాలా? ఇవీ ప్రశ్నలు.

అమ్మా, మొక్క సంగతి ముందు, ఫోను సంగతి తర్వాత రాద్దామనుకుని కూర్చున్నాను. ఫొటోలు చూశాక ఆ రెండూ ఒకే ముడి అని తెలిసింది. ఆ ముడి దగ్గరికి వస్తాను. దానికన్నా ముందు ఒక మాట. మీ మొక్కకు ఆకలి లేదు. నీళ్లెక్కువై, తిండెక్కువై, ఊపిరాడక ఉంది.

మీ మూడో ఫొటో మళ్లీ చూడండి. కుండీ కింద ప్లేటు, ప్లేటు అంచున పచ్చటి పాకుడు. పాకుడు పట్టిందంటే ఆ ప్లేటు వారాల తరబడి ఆరలేదన్నమాట. వేరుకు నీళ్లెంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టిలో సందులన్నీ నీటితో నిండిపోతే వేరు నల్లబడి కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు. అప్పుడు మొక్క అచ్చం నీళ్లు లేని మొక్కలాగే వాడిపోతుంది. చూసినవాళ్లకు జాలేస్తుంది, ఇంకో చెంబు పోస్తారు. మట్టి పుల్లటి వాసన వస్తోందని, చిన్న చిన్న నల్లదోమలు ముసురుతున్నాయని మీరే రాశారు. అవి ఈ జబ్బుకు సాక్ష్యాలు.

మరి అత్తగారు ఉన్నప్పుడూ అదే ప్లేటు ఉంది కదా, అప్పుడెందుకు బాగుంది అంటారా? ఆవిడ నీళ్లు పోసిన అరగంటకు ఆ ప్లేటు తీసి పారబోసేవారని నా ఊహ. వేలితో మట్టి తడిమి, తడి ఉన్న రోజు పోసేవారు కాదేమో కూడా. ఏళ్ల తరబడి చేసే పనిలో ఇలాంటివి చేసేవాళ్లకే గుర్తుండవు. పచ్చడి ఎలా పెట్టాలో చెప్పమంటే కారం, ఉప్పు, నూనె కొలతలు చెప్తారు గానీ కాయలు గుడ్డతో తుడిచి ఆరబెట్టే సంగతి చెప్పడం మర్చిపోతారు చూడండి, అలా. "రోజూ నీళ్లు పొయ్యి" అన్నది ఆవిడ నోటికొచ్చిన సగం మాట. వానాకాలంలో మీరు దాన్ని అక్షరాలా పాటించారు.

పోసిన నీళ్లు కూడా ఎలాంటివో చూడండి. ఆర్‌ఓ ఫిల్టర్ నుంచి వచ్చే వేస్ట్ నీళ్లు పారబోయడం ఎందుకని మొక్కలకే పోస్తున్నామని మధ్యలో ఎక్కడో ఒక వాక్యం రాశారు. పొదుపు మంచిదే. కానీ ఫిల్టర్ మనకు తీయటి నీళ్లిచ్చి, ఉప్పంతా ఆ వేస్ట్ నీళ్లలోకి నెడుతుంది. హైదరాబాద్ బోరు నీళ్లే చాలాచోట్ల ఉప్పన, అందులోంచి వచ్చిన వేస్ట్ నీళ్లంటే ఇంకా చిక్కటి ఉప్పు. దానిమీద గుప్పెడు డీఏపీ. ఆ సైజు కుండీకి చెంచాడు కూడా ఎక్కువే. కుండీ అంచున తెల్లగా సున్నం గీత కట్టింది, ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగులోకి తిరిగాయి. ఆ నీళ్లు బాత్రూం కడగడానికి వాడుకోండి, గులాబీకి వద్దు.

టీపొడి, ఉల్లిపొట్టు, గుడ్డు పెంకుల గురించి ఎక్కువ చెప్పను. గుడ్డు పెంకు కరిగేసరికి నెలలు పడుతుంది, దానివల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. పాలు పంచదార పడిన టీపిప్పి చీమల్ని పిలుస్తుంది. లంఖణం పరమౌషధం అంటారు కదా, జ్వరం వచ్చిన మనిషికి మనం అదే చేస్తాం. మొక్క దగ్గరికి వచ్చేసరికి ఎందుకో అందరం తలా ఒక గారె తెచ్చి నోట్లో కుక్కుతాం. నేనూ ఒకప్పుడు సరిగా మాగని పశువుల ఎరువు బుట్టెడు వేసి, అందులోంచి పుట్టిన తెల్ల వేరుపురుగులకు రెండు గులాబీల్ని సమర్పించుకున్నాను. కాబట్టి ఇది మీకొక్కరికే జరిగిందేమీ కాదు.

నల్లమచ్చల జబ్బు వేరు. అది శిలీంధ్రం. ఆకు తడిసి ఏడెనిమిది గంటలు ఆరకుండా ఉంటే దాని బీజం మొలిచి ఆకులోకి దిగుతుంది. హైదరాబాద్ వానాకాలంలో అలాంటి రాత్రులకు కొదవ లేదు. గుండ్రటి నల్లమచ్చ, అంచులు ఈకలా చీలి, చుట్టూ పసుపు. మీ రెండో ఫొటోలో స్పష్టంగా ఉంది. మచ్చ పడిన ఆకును ఏ మందూ మళ్లీ పచ్చగా చెయ్యలేదు. మందు రాబోయే ఆకుల్ని కాపాడుతుంది, అంతే. ఇది తెలియక చాలామంది కొట్టిన మందే కొడుతూ, పని చేయలేదని మందు మారుస్తూ పోతారు. ముందు కింద రాలిన ఆకులన్నీ ఏరేయండి, మచ్చలున్నవి తుంచేయండి, కవర్లో కట్టి చెత్తబండిలో వేయండి. కంపోస్టులో వద్దు. జబ్బు బీజాలు ఆ ఆకుల్లోనే దాక్కుని, చినుకు పడ్డప్పుడల్లా చిట్లి పైకి ఎగురుతాయి. నీళ్లు ఇక మీద పొద్దున పూట, మట్టికే. ఆకులు కడగొద్దు.

కొమ్మలు పై నుంచి ఎండడం మూడో సంగతి. నీరసించిన మొక్కకు గాయమైన చోట ఇది పట్టుకుంటుంది. ఎండిన కొనల్ని కూరగాయల కత్తెరతో కత్తిరించానని రాశారు. ఆ కత్తెర మొండిదైతే కొమ్మను కోయదు, నలుపుతుంది. నలిగిన చోటు నుంచి మళ్లీ నలుపు దిగుతుంది. మొక్కలు కత్తిరించే మంచి కత్తెర ఒకటి కొనండి, ప్రతి కోతకూ మధ్య స్పిరిట్‌తో తుడవండి. నల్లబడిన చోటు దాటి ఒకటి రెండు అంగుళాలు కిందికి, బయటివైపు చూస్తున్న కన్ను (చిగురు పుట్టే చోటు) పైన ఏటవాలుగా కోయాలి. కోసిన ముఖం చూడండి. నడిమధ్యన తెల్లగానో లేతాకుపచ్చగానో ఉంటే జబ్బు అక్కడితో ఆగింది. గోధుమరంగు చుక్క కనిపిస్తే ఇంకా కిందికి పోవాల్సిందే, మనసొప్పకపోయినా. తర్వాత కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంధ్రం మందు పొడిని కాసిని నీళ్లతో ముద్దలా కలిపి కోత మీద రాయండి. పసుపు రాస్తారు కొందరు. రాస్తే నష్టం లేదు, కానీ లోపల గోధుమరంగు మిగిలిపోయాక పైన ఏది రాసినా ఒకటే.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఒకటి, కుండీలోంచి తీయకుండా ఉన్నచోటే బాగు చేయడం. ప్లేటు తీసేయండి, కుండీని రెండు ఇటుకల మీద ఎత్తండి, అడుగు రంధ్రంలో పుల్ల పెట్టి పొడవండి. కుండీని రోజుకు కనీసం నాలుగైదు గంటల ఎండ వచ్చే చోటికి మార్చండి. వాషింగ్ మెషీన్ పక్కన వాన తగలదు నిజమే, ఎండా తగలదు, గాలీ ఆడదు. మీరు చేసినవాటిలో మంచి ఉద్దేశంతో ఎక్కువ చెడుపు చేసింది ఇదేనని నా అభిప్రాయం. వెలిగి ఆరిపోయిన అగరుబత్తి పుల్లను మట్టిలో నాలుగు వేళ్ల లోతు గుచ్చి, పది నిమిషాలాగి తీసి చూడండి. తడి మట్టి అంటుకుని వస్తే ఆ రోజు నీళ్లు లేవు. ఈ దారిలో మొక్కకు కుదుపు తక్కువ. కానీ వేళ్లు ఇప్పటికే సగం కుళ్లి ఉంటే, డీఏపీ ఉప్పు మట్టిలోనే ఉంటే, ఇది చావును కొన్ని వారాలు వాయిదా వేయడమే అవుతుంది.

రెండోది మట్టి మార్చడం. ముందు ఒక పరీక్ష. ఒక చెంబు మంచినీళ్లు పోసి గడియారం చూడండి. నిమిషం రెండు నిమిషాల్లో కింద నుంచి కారితే మొదటి దారి సరిపోవచ్చు. పైనే మడుగు కట్టి నిలబడితే తీయక తప్పదు. పుల్లటి వాసన చూస్తే, మీది రెండో రకమని నాకనిపిస్తోంది. కుండీని పక్కకు పడుకోబెట్టి, చుట్టూ అరచేత్తో తట్టి, మొదలు పట్టుకుని నెమ్మదిగా లాగండి. వేర్లను రెండు చేతివేళ్ల మధ్య పట్టుకుని చూడండి. బతికిన వేరు గట్టిగా, తెల్లగానో లేత గోధుమరంగులోనో ఉంటుంది. కుళ్లిన వేరు తోలు ఊడి చేతికొస్తుంది, లోపల దారంలాంటి పోగు మిగులుతుంది. ఊడేదంతా కత్తిరించేయండి. చాలా నర్సరీ గులాబీలు బంకమట్టి ముద్దతో వస్తాయి. పన్నెండేళ్ల తర్వాత కూడా నడుమ ఆ ముద్ద రాయిలా ఉండిపోయి ఉంటే, బకెట్ నీళ్లలో అరగంట ఉంచి మెల్లగా కరిగించండి, గుద్ది పగలగొట్టొద్దు.

కొత్త మట్టికి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్ట్, ఒక పాలు ముతక ఇసుక, ఒక గుప్పెడు వేపపిండి. అంతకుమించి ఏమీ వద్దు. మిగిలిన వేళ్లకు సరిపడే కుండీ చాలు. జబ్బు మొక్కకు పెద్ద కుండీ పెడితే పెద్ద బురదగుంట పెట్టినట్టే. వారం పది రోజులు వెలుతురున్న నీడలో, తర్వాత పొద్దుటి ఎండలోకి, ఆ తర్వాత పూర్తి ఎండలోకి. నెలన్నర వరకు ఎరువు మాట ఎత్తొద్దు. మీ వారికి కూడా చెప్పండి. ఈ దారిలో ముప్పు ఉంది. ఉన్న నాలుగాకులూ రాలిపోయి, రెండు వారాలు కట్టెపుల్లలా నిలబడి మీ గుండె జారుస్తుంది. అప్పుడు గోటితో కొమ్మ మీద చిన్నగా గీరి చూడండి. కింద పచ్చగా ఉంటే ప్రాణముంది. కళ్లు ఉబ్బడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. కోలుకోకపోయే అవకాశమూ లేకపోలేదు. వానలు వెనక్కి తగ్గి, చలి ఇంకా ముదరని ఈ రోజులు మట్టి మార్చడానికి ఏడాదిలో అనువైన కాలం. అది మీకు కలిసొచ్చింది.

కొత్త చిగురు కనబడ్డాక నల్లమచ్చకు వాడే మాంకోజెబ్ మందు పొడి లీటరు నీటికి రెండు గ్రాముల లెక్కన కలిపి, ఆకు అడుగున కూడా తడిసేలా పది రోజులకోసారి మూడుసార్లు కొట్టండి. వంటింటి చెంచా వాడొద్దు, మాస్కు, గ్లౌజులు వేసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు. మందు కొట్టిన మొక్క పూరేకులు గుల్కందుకు, నోట్లోకి పనికిరావు. వేపనూనె మంచిదే గానీ అది పురుగుకు, నల్లికి పనిచేసేంతగా ఈ మచ్చకు పనిచేయదు.

ఈ రెండు దారుల్లో ఏది పట్టినా, పక్కన ఒక భరోసా పెట్టుకోండి. పచ్చగా ఉన్న ఆ ఒక్క కొమ్మ నుంచి పెన్సిల్ మందం, జానెడు పొడవున్న ముక్కలు రెండు మూడు కోయండి. కింది కోత కన్ను కిందుగా ఉండాలి. పైన రెండాకులుంచి మిగతావి తీసేసి, రెండు కళ్లు మట్టిలోకి పోయేలా ఇసుక కలిపిన మట్టిలో గుచ్చండి. నీడలో, చెమ్మ ఆరకుండా, నీళ్లు నిలవకుండా ఉంచండి. పైన ఒక పారదర్శకమైన కవరు బోర్లిస్తే మేలు. వేరు పట్టడానికి నెలా నెలన్నర. మధ్యలో పీకి చూడొద్దు, ఆ పని అందరం చేస్తాం. వాసన ఉండే పాతకాలపు నాటు గులాబీలు ఇలా కొమ్మతో తేలిగ్గా వస్తాయి. పెద్ద పూల హైబ్రిడ్ రకాలు అంత తేలిగ్గా రావు. ఒకవేళ పెద్దమొక్క పోయినా, ఆవిడ గులాబీయే, అదే వాసన, చిన్న కుండీలో ఉంటుంది.

ఇప్పుడు ముడి దగ్గరికి వచ్చాం. పిలక.

నర్సరీల్లో గులాబీని అంటు కడతారు. అడుగున మొండి వేరున్న అడవి జాతి, దాని కాండంలో చీలిక పెట్టి మనకు కావాల్సిన గులాబీ కన్నును చొప్పించి కట్టేస్తారు. ఆ కట్టిన చోటుకు కింద నుంచి లేచే పిలక అడవి జాతిదే. దాన్ని వదిలేస్తే మొక్క తిండంతా అదే తినేసి, పైన ఉన్న అసలు గులాబీని ఎండగడుతుంది. అలాంటిదైతే పైపైన కోయకూడదు, కోస్తే రెండై మొలుస్తుంది. మట్టి తవ్వి, పుట్టిన చోటు నుంచి చేత్తో చీల్చి తీయాలి. అదే అంటు కాకుండా కొమ్మ నాటి పెంచిన మొక్కయితే లెక్క మొత్తం తలకిందులు. పైనా కిందా ఒకటే గులాబీ. కింద నుంచి లేచిన పిలక మొక్కకు పునర్జన్మ. పై కొమ్మలన్నీ పోయినా ఆ ఒక్క పిలకతో రెండేళ్లలో పొద మళ్లీ నిలబడుతుంది. అంటే ఒకే పిలక ఒక లెక్కలో దొంగ, ఇంకో లెక్కలో వారసుడు. పొరపాటున వారసుణ్ణి పీకేస్తే ఇక మీ దగ్గర మిగిలేది ఆ ఒక్క కొమ్మే.

ఏడాకులు చూసి తీర్పు చెప్పకండి. బలంగా లేచిన మంచి గులాబీ రెమ్మకూ ఏడాకులు వస్తాయి. అంతకన్నా నమ్మదగ్గ గుర్తులు ఉన్నాయి. ఆకు కాడ కొమ్మకు అంటుకునే చోట రెండు వైపులా సన్నటి రెక్కలుంటాయి. నర్సరీల్లో అంటుకు అడుగు మొక్కగా వాడే మల్టీఫ్లోరా అనే అడవి జాతికి ఆ రెక్కలు కుచ్చులా, వెంట్రుకల్లా చీలి ఉంటాయి. ముళ్లు కూడా పాత కొమ్మ పక్కన పెట్టి పోల్చండి. మట్టి రెండంగుళాలు పక్కకు తోసి, మొదట్లో మోకాలి చిప్పలా ఉబ్బిన ముడి ఉందేమో, పిలక దాని పైనుంచి వచ్చిందా కింద నుంచా అని చూడండి. ముడి లేకపోతే కొమ్మ మొక్క అనుకోవచ్చు, కానీ పన్నెండేళ్ల మొదలులో ముడి ఏదో వయసు బొబ్బ ఏదో కొత్తవాళ్లు చెప్పడం కష్టం.

ఉత్తరంలో మీరు పైపైన రాసిన ఒక వాక్యం నాకు ఇక్కడ పట్టుకుంది. మొక్క కడియం నర్సరీలో కొన్నదని మీ వారంటారు. కాదు, రాజమండ్రిలో పక్కింటావిడ ఇచ్చిన కొమ్మ అని మీ ఆడపడుచు ఎప్పుడో అన్నారు. కడియందైతే అంటు మొక్క అయ్యే అవకాశం ఎక్కువ. పక్కింటి కొమ్మయితే సొంత వేరు మొక్క. ఈ రెంటిలో ఏది నిజమో కచ్చితంగా చెప్పగల మనిషి ఒక్కరే. మీరు ఎవరికి కనబడకుండా ఈ మొక్కను దాస్తున్నారో ఆవిడే.

కాబట్టి చెప్పాలా వద్దా అన్నదాన్ని కాసేపు ధర్మాధర్మాల లెక్కలోంచి తీసేసి చూడండి. ఈ ఆదివారం చెబితే ఏమవుతుంది? కోపం రావచ్చు. హస్తవాసి మాట మళ్లీ అనొచ్చు, అనరని నేను హామీ ఇవ్వలేను. కానీ పిలక సంగతి తేలుతుంది, కొమ్మలు ఎక్కడ కోయాలో కెమెరాలో చూసి చెప్పే మనిషి మీకు దొరుకుతుంది. పన్నెండేళ్లు పెంచిన చేతులవి, నా ఉత్తరం కన్నా అవి మేలు. మూడు వారాలాగి, చిగురు వచ్చాక చెబితే? మీకు ధైర్యంగా ఉంటుంది. ఈ లోపు ఇంకో మూడు ఆదివారాలు పక్క ఫ్లాట్ గులాబీ కావాలి, పిలక మీద నిర్ణయం గుడ్డిగా తీసుకోవాలి. చిగురు రాకపోతే చెప్పడం ఇప్పటికన్నా మూడింతలు కష్టం. ఏదో ఒకటి కనుక్కుందామని ఆడపడుచుకు ఫోన్ చేస్తే, పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఫోన్ స్పీకర్లోనే ఉంటుంది, సంగతి మీ నోటి నుంచి కాకుండా ఆవిడకు చేరుతుంది. అది అన్నిటికన్నా నష్టం.

కొత్త మొక్క కొని అదే కుండీలో పెట్టే ఆలోచన నాకు అర్థమవుతుంది, తిట్టను. రంగు కలవొచ్చు, ఆకు కలవొచ్చు. నర్సరీలో దొరికే గులాబీల్లో చాలావాటికి వాసన ఉండదు. ఉన్నా అది వేరే వాసన. సంక్రాంతి తర్వాత మొదటి శుక్రవారం ఆవిడ పువ్వు కోసి ముక్కు దగ్గర పెట్టుకున్న క్షణం ఒక్కసారి ఊహించుకోండి. ఆవిడకు నచ్చుతుందని కొత్త మొక్క కొనాలనిపిస్తే కొనండి, కొత్తదని చెప్పి ఇవ్వండి.

"కుండీ మార్చావా?" అన్న ఆవిడ ప్రశ్నకు వద్దాం. పిల్లల్ని స్కూలు గ్రూప్ ఫొటోలో వెనక వరసలో ఉన్నా పోల్చుకుంటాం కదా. ఆవిడకు తెలిసిపోయిందని నా అనుమానం. గొడవ పెట్టుకోకుండా మీకు ఒక సందు వదిలారు. నేను తప్పు కావచ్చు, ఆవిడ నిజంగా కుండీ గురించే అడిగి ఉండొచ్చు. ఏదైనా ఆ ప్రశ్న దగ్గర్నుంచే మాట మొదలుపెట్టొచ్చు. "అత్తయ్యా, పోయినవారం చూపించింది మన మొక్క కాదు. మనదానికి జబ్బు చేసింది, చెప్పడానికి భయమేసింది. కింద నుంచి ఒక పిలక లేచింది, ఉంచమంటారా తీసేయమంటారా? ఇంతకీ ఇది కడియందా, పక్కింటి కొమ్మా?" ఇంతకన్నా పొడుగ్గా వద్దు. సంజాయిషీ మొదలుపెడితే డీఏపీ గొడవ, మీ వారి గొడవ అన్నీ వస్తాయి. ఫోన్ మొదలు దగ్గరికి తీసుకెళ్లి పిలక చూపించండి.

హస్తవాసి గురించి నా మాట ఒకటే. నిలవనీళ్ల ప్లేటులో, ఉప్పునీళ్లతో, ఎండ లేని మూల ఎవరి చేతి గులాబీ అయినా ఇలాగే అయ్యేది. తులసి సంగతి నాకు తెలియదు. అది కూడా ఏ కుండీలో ఉండేదో ఒకసారి గుర్తుచేసుకోండి.

సంక్రాంతికి పూలుంటాయా అని చివర్న అడిగారు. బాగున్న మొక్కను ఈ రోజుల్లో కత్తిరిస్తే నెలన్నర, రెండు నెలలకు పూస్తుంది, ఆ లెక్కన సంక్రాంతికి పూలుండాలి. మీది మంచాన పడి లేచే మొక్క. డిసెంబర్లో మొదటి మొగ్గలు వస్తే గిల్లేయండి, ఆ బలం ఆకుకు పోనివ్వండి. చలి పెరిగాక లేత ఆకుల మీద విభూది చల్లినట్టు బూడిద తెగులు రావచ్చు, అప్పుడు మళ్లీ కంగారుపడి గుప్పెడు ఏదో వేయకండి, నాకు రాయండి. ఆవిడ తిరిగొచ్చేసరికి పచ్చటి ఆకులుంటే చాలు. మొగ్గలు గిల్లే పని ఆవిడే చేస్తానంటారేమో కూడా.

ఇవాళే ప్లేటు తీసేయండి. కొమ్మ ముక్కలు రేపు పొద్దున గుచ్చండి. పిలక జోలికి ఆదివారం దాకా పోకండి, ఈ నాలుగు రోజుల్లో అది దొంగయినా దోచుకునేది పెద్దగా ఏమీ ఉండదు. ఆవిడ ఏం చెప్పారో నాకూ ఒక ముక్క రాయండి.